ఏడాది వచ్చిన సిలిండరు

మా కాలేజీలో తరగతి అయ్యాక బోర్డు తుడవడం నా పని. తుడిచే ముందు దాని మీద ఉన్నదంతా చదవాలని, పాఠం చెప్పే మేడంగారి షరతు. చదవలేని మాట వస్తే అక్కడ డస్టరు ఆపి ఆవిణ్ణి పిలవాలి. స్టాఫ్ రూములో కాఫీ తాగుతున్నా సరే, గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి, ఆ మాటని ముక్కలు చేసి నా చేత పలికించి వెళ్ళేవారు.

నాకు అక్షరాలు వచ్చేసరికి మా పెద్దమ్మాయికి పెళ్ళయి ఒక పిల్ల. అంతవరకూ చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్నే గానీ చదివేదాన్ని కాదు. పాటలన్నీ నోటికొచ్చు. పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ఒక ఆదివారం మేడంగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాట మధ్యలో పొరపాటున రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు. నేనూ తిప్పాను. ఆవిడ నా పుస్తకం వైపు ఒకసారి చూసి, పాట ఆపకుండానే తన పేజీ వెనక్కి తిప్పుకుని, నాదీ వెనక్కి తిప్పారు. చుట్టూ ఎవరికీ తెలియలేదు. మర్నాడు కాలేజీలో పిలిచి, "సాయంత్రం గంట కొట్టాక ఒక అరగంట ఉండు," అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. నా చదువు అలా మొదలైంది.

ఆవిడ పాఠం చెప్పేది డిగ్రీ పూర్తయిన పిల్లలకి. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది, బొగ్గు అయిపోతే ఏం చేస్తాం, ఎండనీ గాలినీ ఎలా వాడుకోవచ్చు, ఉన్నదాన్ని ఎలా పొదుపు చేయాలి, వీటన్నిటికీ ప్రభుత్వం ఎలాంటి విధానం పెట్టుకోవాలి అన్నవి ఆ పాఠాలు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో అనకాపల్లిలో అదొక వింత కోర్సు. ఎలమంచిలి నుంచి పాసింజర్లో వచ్చేవాళ్ళు, కొండకర్ల వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు, అందరూ కలిస్తే గది నిండేది. పాఠం మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, "మేడం, ప్రాక్టికల్సు మొదలయ్యేయండి," అనేవాడు ఎలమంచిలి నుంచి వచ్చే ఒక అబ్బాయి. ఆవిడ కూడా నవ్వేవారు.

పని లేనప్పుడు నన్ను ఆఖరి బెంచీలో కూర్చోమనేవారు. వింటే మాట తెలుస్తుంది, మాట తెలిస్తే చదవడం తేలికవుతుంది అని ఆవిడ ఉద్దేశం. నిజమే. సౌరశక్తి, పవనశక్తి తొందరగానే వచ్చేశాయి. 'పునరుత్పాదక' అనే మాట మాత్రం చాన్నాళ్ళు నా నాలుకకి అందలేదు. పాఠాలన్నీ అర్థమయ్యేవని చెప్పను. చెరకు పిప్పితో కరెంటు తీయొచ్చంటే మా మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే మా ఆయన ముందు ఆ సంగతి గొప్పగా చెప్పాను. "మరి ఆ పిప్పిని మోసీది ఎవుడంట?" అన్నాడాయన.

ఒకరోజు ఇళ్ళల్లో వంటకి వాడే ఇంధనం గురించి పాఠం. ఎవరింట్లో సిలిండరు ఎన్నాళ్ళొస్తుందో ఒక్కొక్కళ్ళనీ అడుగుతున్నారు మేడంగారు. నెలన్నర అని ఒకరు, చుట్టాలొస్తే నెల కూడా రాదని ఒకరు. ఆఖర్న నా వైపు చూశారు.

"ఆయమ్మా, నీకు గ్యాసు ఉందిగా?"

"ఉందండి. మా పొదుపు సంగంలో ఆడోళ్ళకి ఇచ్చినప్పుడు నాకూ వచ్చిందండి."

"ఎన్నాళ్ళొస్తోంది సిలిండరు?"

నేను లేచి నిలబడ్డాను. ఆ గదిలో నన్ను లేచి జవాబు చెప్పమనడం అదే మొదటిసారి. "పోయిన క్రిస్మస్కి పెట్టించేనండి. మళ్ళీ క్రిస్మస్ వచ్చేత్తంది. ఇంకా ఉందండి."

గదంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. "ఆయమ్మ ఇంట్లో అందరూ ఉపాసమేటి?" అన్నాడు ఎలమంచిలి అబ్బాయి. అందరూ గొల్లుమన్నారు. మేడంగారు నవ్వలేదు. ఇంట్లో ఎంతమంది అని అడిగారు. అయిదుగురం అన్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. "చూశారా? పొదుపు అంటే ఏమిటో మనం పుస్తకాల్లో వెతుకుతున్నాం. రోజూ మనకి మంచినీళ్ళిచ్చే మనిషి చేసి చూపిస్తోంది," అని, ఆ ఏడాది లెక్క బోర్డు మీద రాసేశారు.

నాకు ఒళ్ళంతా పొంగిపోయింది. నేను అబద్ధం చెప్పలేదు. మా వీధిలో ఆడదాన్ని మెచ్చుకునేదే అలా. ఫలానా ఆవిడ సిలిండరు ఏడాది తెచ్చిందంటే గట్టి మనిషి అంటారు. మరి వంట దేని మీద చేసిందని ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేదు. గ్యాసు అనేది వచ్చినవాళ్ళకి. పాస్టరుగారు వస్తే టీకి, ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే కాఫీకి. పక్కింట్లో పెళ్ళిచూపులైతే వాళ్ళు గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు, మగపెళ్ళివారికి గ్యాసు మీద కాచిన టీ ఇవ్వాలని. రోజూ అన్నం, కూర అన్నీ పెరట్లో పొట్టు పొయ్యి మీదే. సామిల్లు నుంచి రంపం పొట్టు బస్తాలో తెచ్చుకుని, అడుగున కన్నమున్న డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, మెల్లిగా సీసా తీసేస్తే పొయ్యి తయారవుతుంది. అంటుకునేటప్పుడు పొగ కళ్ళు పీకేస్తుంది. అంటుకున్నాక కుదురుగా మండుతుంది. మా వీధిలో ఏ పెరడు చూసినా పొట్టో, సరుగుడు కంపో, పిడకలో ఉంటాయి. ఈ సంగతి మేడంగారికి తెలియదని నాకు తోచనే లేదు.

ఇల్లు చూడటానికి వస్తామని ఆవిడ అన్న రోజున కూడా తోచలేదు.

ఆ రోజు పొద్దున్నే లేచి ఇల్లు కడిగాను. పొట్టు పొయ్యిని స్నానాల తడిక వెనక్కి జరిపి, దాని మీద గంప బోర్లించాను. మసిపట్టిన గిన్నెలు కూడా గంప కిందికి తోశాను. పక్కింటి వదిన గోడ మీంచి చూస్తోంది. సంఘంలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి గానీ గ్యాసు నాకు ముందు వచ్చింది, ఆవిడకి ఇంకా రాలేదు.

"ఏటి వదినా, పెళ్ళికొడుకు గాని వత్తన్నాడేటి?" అంది.

"కాలేజీ పిల్లలు. నాను వంట ఎలాగ సేత్తానో సూత్తారంట."

"వంట సూడ్డానికొచ్చే వాళ్ళకాడ పొయ్యి దాసేత్తన్నావా?" అని పకపకా నవ్వింది.

వీళ్ళు చూడ్డానికి వచ్చేది ఈ పొయ్యినే కదా అని అప్పుడు తోచింది నాకు. కానీ అప్పటికే సందులో చెప్పుల చప్పుడు వినబడింది. వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టాలి, టీ ఇవ్వాలి. మసి పొయ్యి దగ్గరికి ఎవరైనా తీసుకెళ్తారా? గ్యాసు వెలిగించాను. గిన్నె మీద మూత పెట్టాను. పొంగు రాబోతుండగానే మంట తగ్గించి, ఆ వేడికే మరగనిచ్చాను. గ్యాసంటే నాకు భయం, అయిపోతుందేమోనని. ఆ భయంతోనే చేస్తాను అవన్నీ. పిల్లలు నిలబడి ఒక్కొక్కటీ రాసుకున్నారు. మేడంగారు మెల్లిగా, "చూడండి, మూత మర్చిపోలేదు," అంటున్నారు.

"అది కాదండి మేడంగారూ," అన్నాను నేను. "ఇది మీకోసమని..."

"ఆయమ్మకి మరీ మొగమాటం మేడం," అంది కొండకర్ల అమ్మాయి నా భుజం పట్టుకుని. అందరూ ప్రేమగా నవ్వారు. అంత ప్రేమగా నవ్వుతున్నవాళ్ళ మధ్య నా మాట వెనక్కి వెళ్ళిపోయింది. గోడ అవతల వదిన దగ్గింది. అది నిజం దగ్గు కాదు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం బోర్డు తుడవబోయి ఆగిపోయాను. ఆ వారం పిల్లల చేత ప్రభుత్వానికి సూచనలు రాయిస్తున్నారు. విశాఖపట్నం నుంచి ఒక ఆఫీసరు వస్తారని, మంచి సూచనలుంటే పైకి పంపిస్తామన్నారని కాలేజీలో అనుకుంటున్నారు. బోర్డు మీద మేడంగారి గుండ్రటి చేతిరాత. కూడబలుక్కుని చదివాను. జాగ్రత్తగా వాడితే ఒక చిన్న కుటుంబానికి ఏడాదికి రెండు సిలిండర్లు సరిపోతాయి. సంఘాల మహిళలకు తక్కువ ధర సిలిండర్లు ఆ మేరకే ఇచ్చి, మిగిలింది సౌర పొయ్యిలకు ఖర్చు చేయవచ్చు. ఆధారం, ఒక్కటే ఏడాది వచ్చిన మన ఆయమ్మ ఇల్లు.

చదవలేని మాట ఒక్కటీ లేదు. మేడంగారిని పిలవాల్సిన అవసరమే రాలేదు. చదవడం రానప్పుడైతే ఆ గీతలన్నీ చక్కగా తుడిచేసి ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. డస్టరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెరట్లో కళ్ళు తుడుచుకుంటూ కంప ఎగదోసే వదిన గుర్తొచ్చింది. గ్యాసొస్తే రెండు పూటలా దాని మీదే వండుతానని, నాలా దాచుకోనని ఆవిడ నా మొహం మీదే అనేది. ఆవిడకి రెండు చాలని నా ఇల్లు చూపించి రాసేశారు.

మర్నాడు మేడంగారు నాకు ఒక కాగితం ఇచ్చారు. పెద్ద పెద్ద అక్షరాలతో నాకోసం స్వయంగా రాశారు. ఆఫీసరుగారి ముందు నేను నిలబడి చదవాలి. "అక్షరాలు నేర్చుకున్న మనిషి తన ఇంటి పొదుపు గురించి తనే చదువుతుంది. ఇంతకంటే ఏం కావాలి?" అన్నారు. ఆవిడ గొంతులో ఉన్న సంతోషం వింటే ఎవరికీ కాదనే నోరు రాదు. రోజూ సాయంత్రం చదివించారు. మొదటి మాటలు బాగానే వచ్చేవి. 'గిన్నెకు మూత పెడతాను. పొంగు రాకముందే మంట తగ్గిస్తాను.' అవి నిజమే. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. 'మా అయిదుగురికీ వంట దీని మీదే అవుతుంది.'

"మేడంగారూ, ఈ మాటండి..."

"ఏది? ఇదా? భయపడకు. ఒక్కొక్కటే పలుకు. అ-యి-దు-గు-రి-కీ."

నేను పలికాను. ఆవిడ "భేష్" అన్నారు. చదవడం రాక ఆగాననుకున్నారు. మళ్ళీ మర్నాడూ అదే చోట ఆగాను, మళ్ళీ విడదీసి చెప్పారు. నాకు అక్షరాలిచ్చిన మనిషి ముందు, ఆ అక్షరాలతో మీరు రాసింది తప్పండి అని ఎలా చెప్పను? చెప్పకపోతే వదినకి అన్యాయం. చెబితే ఈవిడకి తలవంపు. రాత్రి అన్నం దగ్గర మా ఆయనకి చెప్పాను. "సదువు రాదని సెప్పి ఇంటికాడ ఉండిపో," అన్నాడు. అది కూడా నా వల్ల కాలేదు.

ఆఫీసరుగారు వచ్చిన రోజు గది కిటకిటలాడింది. ఆయన మంచి మనిషిలాగే ఉన్నారు, నవ్వుమొహం. పిల్లలు సూచనలన్నీ చదివాక మేడంగారు నన్ను పిలిచారు. కాగితం పట్టుకుని నిలబడ్డాను. మూత సంగతి చదివాను. మంట సంగతి చదివాను. తప్పులు రాలేదు. మేడంగారి మొహం చూస్తే తల్లి మొహంలా ఉంది, వయసులో నాకంటే చిన్నావిడ.

"మా అయిదుగురికీ..." అని ఆగాను. ఆవిడ ఎదురుగా నిలబడి చప్పుడు లేకుండా పెదాలతో అందిస్తున్నారు, "వంట."

"వంట దీని మీద అవదండి," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఆఫీసరుగారు ముందుకి వంగి, "దేని మీద అవుతుందమ్మా మరి?" అన్నారు.

"పెరట్లో పొట్టు పొయ్యి మీదండి."

"రోజూనా?"

"రోజూనండి."

మేడంగారు మెల్లిగా, "మరి గ్యాసు ఎప్పుడు వెలిగిస్తావు?" అని అడిగారు.

"మీలాటోరు వచ్చినప్పుడండి."

నవ్వులు మొదలయ్యాయి. పొగరుతో అన్న మాట కాదది. నిజంగా అదే జవాబు. కానీ నోటి నుంచి వచ్చాక వేరేలా వినబడింది. ఆఫీసరుగారు కూడా నవ్వి, "అయితే మీ పిల్లలు చూసింది వాళ్ళకోసం కాచిన టీనే అన్నమాట మేడం," అన్నారు. గది ఇంకా నవ్వింది. ఎలమంచిలి అబ్బాయి ఒక్కడూ నవ్వలేదు, తల దించుకుని రాసిన కాగితాలు మడత పెట్టేస్తున్నాడు. మేడంగారి చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆవిడ సుద్దముక్క తీసుకుని, గొంతు ఏ మాత్రం మారకుండా, "మనం ఏం అడగలేదో అందరూ రాసుకోండి," అన్నారు. ఆఫీసరుగారు ఆ ఒక్క సూచన కాగితం వెనక్కిచ్చి, సరిచేసి పంపమని వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక వరండాలో ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

"ముందే చెప్పొచ్చు కదా?"

"సెప్పబోయేనండి."

"ఎప్పుడు?"

"మీరు ఆ మాట ఇడదీసి సెప్పినప్పుడల్లానండి."

ఆవిడ చేతికంటిన సుద్ద దులుపుకున్నారు. "అవును. నేను విననే లేదు," అని సంచి తీసుకుని మెట్లు దిగిపోయారు.

తప్పు నాదని ఆవిడ ఒక్క మాటన్నా అనలేదు. అని ఉంటే బాగుండేది. చర్చిలో నాకు చదువు రాదని కనిపెట్టిన రోజున పక్కవాళ్ళకి కూడా తెలియకుండా నా పేజీ వెనక్కి తిప్పిన మనిషి ఆవిడ. ఆవిడకి తెలియనిది బయటపడ్డ రోజున నేను దాన్ని గది నిండా జనం ముందు పెట్టాను. ఇంకోలా చేయడానికి దారి ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. ఏకాంతంగా, గట్టిగా, చెయ్యి పట్టుకుని ఆపి చెప్పి ఉండొచ్చు. నాకు అంత ధైర్యం లేదు. జనంలో నిలబడితే వచ్చిన ధైర్యం, ఆవిడ ఒక్కరే ఎదురుగా ఉంటే రాలేదు. అందుకే ఎక్కువ సిగ్గు.

ఆవిడ పాఠాలు చెప్పడం మానలేదు, నా చేత చదివించడమూ మానలేదు. సూచన మార్చి పంపారు. వచ్చే తరగతి పిల్లల కోసం ఇంటింటి ప్రశ్నలు కొత్తగా రాశారు. మొదటి ప్రశ్న, మీ ఇంట్లో రెండో పొయ్యి ఏది? అది ఎక్కడుంది, చూడొచ్చా?

ఆ ప్రశ్న పట్టుకుని పిల్లలు మా వీధిలోకే వచ్చారు.

మొదటి ఇంటావిడ గుమ్మంలోనే, "మాకు రెండో పొయ్యి లేదు," అని తలుపు వేసేసింది. ఆవిడ ఇంటి వెనకాల పొగ పైకి లేస్తూనే ఉంది. రెండో ఇంట్లో తడిక అడ్డం పెట్టారు. పంపు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. అప్పటికి వీధంతటికీ తెలిసిపోయింది, ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో.

"కాలేజీలో నిలబడి సదివీసేవంటగా మా పెరటి సంగతులు," అంది ఒకావిడ బిందె దించకుండానే.

"మీవేటి సెప్పేనే? నాదే సెప్పేను."

"నీది సెప్తే మాది సెప్పినట్టు కాదేటి? నీ పొయ్యికీ మా పొయ్యికీ తేడా ఏటుంది?"

మేడంగారికి తలవంపు తెచ్చాను, ఇప్పుడు వీధి మొత్తానికీ తెచ్చాను. ఏ వదిన కోసమని నోరు తెరిచానో ఆవిడ కూడా పొద్దున్నుంచీ గోడ మీంచి తొంగి చూడలేదు. పిల్లలు ఇద్దరు ఎండలో కాగితాలు పట్టుకుని సందు మధ్యలో నిలబడిపోయారు. వాళ్ళని చూస్తే జాలేసింది. లోపలికి వెళ్ళి తలుపేసుకోవాలనే అనిపించింది. అయినా, "మా ఇంటికి రండమ్మా," అని పిలిచి, ముందు గదిలో కూర్చోబెట్టకుండా తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళాను. అన్నం ఉడుకుతోంది. గిన్నె అడుగు మసి, కింద ఒలికిన పొట్టు, పొగపట్టిన గోడ, ఏదీ సర్దలేదు. రాసుకోమన్నాను. వాళ్ళలో ఒక పిల్ల దగ్గుతూనే రాసుకుంది. నేను వాళ్ళ మొహాల వైపు చూడలేక పొయ్యి వైపే చూస్తూ జవాబులు చెప్పాను.

గోడ అవతల గిన్నె మూత చప్పుడైంది. వదిన తల పైకి వచ్చింది.

"ఏటమ్మా, అదొక్కదాని పొయ్యే రాత్తారేటి?" అంది పిల్లలతో. "సిగ్గు దానికొక్కదానికే ఉందేటి? మాదీ కంప పొయ్యే. రండి, రాసుకోండి. కళ్ళు మండుతాయి, కాత్త ఎనక్కి నిలబడండి."

పిల్లలు గోడ చుట్టూ తిరిగి ఆవిడ పెరట్లోకి వెళ్ళారు. నా వైపు మాత్రం వదిన చూడలేదు. ఇక్కణ్ణుంచే విన్నాను, ఏడాదికి ఎన్ని సిలిండర్లు కావాలని వాళ్ళు అడగడం, "ముందు ఒకటి రానీండి, తరవాత సెప్తాను," అని ఆవిడ అనడం.